షొస్తకోవిచ్ ఐదవ సింఫనీ (బెర్న్‌స్టెయిన్ రికార్డింగు, 1959)

రష్యన్ స్వరకర్త దిమిత్రీ షొస్తకోవిచ్ (1906–1975) 1937లో రచించిన ఐదవ సింఫనీని అమెరికన్ కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టెయిన్ (1918–1990) నిర్దేశకత్వంలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా 1959 అక్టోబరు 20న బోస్టన్ నగరంలోని సింఫనీ హాలులో రికార్డు చేసింది. కొలంబియా మాస్టర్‌వర్క్స్ సంస్థ దీనిని ఎల్.పి. గ్రామఫోను రికార్డుగా విడుదల చేసింది. ఇరవయ్యవ శతాబ్దపు రష్యన్ సింఫనీల రికార్డింగులలో అత్యంత ప్రసిద్ధి పొందినవాటిలో ఇది ఒకటి. అత్యధికంగా చర్చకు గురైనవాటిలో కూడా ఇది ఒకటి.

చర్చకు ముఖ్య కారణం సింఫనీ ముగింపు. ఇతర కండక్టర్లు చాలామంది నెమ్మదిగా, బరువుగా నడిపించే ఈ ముగింపును బెర్న్‌స్టెయిన్ ఎంతో వేగంగా నడిపించాడు. ఆ వేగం వలన ముగింపు ఒక విజయోత్సవంగా వినిపిస్తుంది. నెమ్మదిగా వాయించినపుడు అవే స్వరాలు బలవంతపు ఆనందంగా వినిపిస్తాయి. స్టాలిన్ కాలపు భయం నీడలో ఈ రచన చేసిన షొస్తకోవిచ్ ఏమి చెప్పదలచుకున్నాడనే ప్రశ్న ఈ వేగంతో ముడిపడి ఉండటం వలన, ఈ రికార్డింగు మూల్యాంకనం సంగీత శాస్త్రానికే పరిమితం కాలేదు.

రచన నేపథ్యం

షొస్తకోవిచ్ రచించిన "మ్‌త్సెన్‌స్క్ జిల్లా లేడీ మాక్‌బెత్" అనే ఒపేరా 1934లో మొదటిసారి ప్రదర్శింపబడి రెండేళ్లపాటు మంచి ఆదరణ పొందింది. 1936 జనవరిలో స్టాలిన్ ఈ ఒపేరా చూడడానికి వచ్చి, పూర్తికాకముందే వెళ్ళిపోయాడు. అదే నెల 28వ తేదీన కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా ఈ ఒపేరాను సంగీతం కాదు, గందరగోళమని ఖండిస్తూ సంతకంలేని సంపాదకీయం ప్రచురించింది. ఆ రోజులలో ప్రావ్దా ఖండనను సాధారణ కళావిమర్శగా ఎవరూ భావించేవారు కాదు. అది ప్రభుత్వం ఇచ్చిన హెచ్చరిక. అప్పటికి స్వరకర్త వయస్సు 29 సంవత్సరాలు.

అదే సంవత్సరం పూర్తిచేసిన నాలుగవ సింఫనీని, రిహార్సళ్ళు సాగుతుండగానే షొస్తకోవిచ్ ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఆ సింఫనీ మొదటి ప్రదర్శన 25 సంవత్సరాల తరువాత, 1961 డిసెంబరులో మాత్రమే జరిగింది. 1937లో సోవియట్ యూనియన్‌లో అరెస్టులు, మరణశిక్షలు తీవ్రస్థాయికి చేరుకున్నాయి. షొస్తకోవిచ్‌ను ఆదరించిన మార్షల్ తుఖచేవ్‌స్కీకి ఆ ఏడాది జూన్‌లో మరణశిక్ష అమలైంది. స్వరకర్త బంధువులలో కూడా కొందరు అరెస్టయ్యారు.

ఐదవ సింఫనీ రచన 1937 ఏప్రిల్ నుండి జులై వరకు, అంటే ఇదే కాలంలో జరిగింది. 1937 నవంబరు 21న లెనిన్‌గ్రాడ్‌లో యెవ్గేనీ మ్రావిన్‌స్కీ నిర్దేశకత్వంలో మొదటిసారి ప్రదర్శించారు. మూడవ భాగం వాయిస్తున్నపుడు శ్రోతలలో పలువురు కన్నీరు పెట్టుకున్నారని, ముగింపు తరువాత కరతాళధ్వనులు అరగంటకు పైగా సాగాయని నాటివారు వ్రాశారు. ప్రభుత్వం కూడా ఈ రచనను ఆమోదించింది. న్యాయమైన విమర్శకు సోవియట్ కళాకారుడు ఇచ్చిన సమాధానమనే వర్ణన ఈ సింఫనీకి స్థిరపడిపోయింది. ఆ మాట ఒక పత్రికా రచయిత వ్రాసినది. షొస్తకోవిచ్ తన రచనకు ఆ ఉపశీర్షిక పెట్టలేదు.

ఈ విధంగా ఒకే రచనను ప్రజలు తమ దుఃఖానికి రూపంగా, పాలకులు తమ విజయానికి గుర్తుగా స్వీకరించారు. ముగింపు వేగంపై ఉన్న భిన్నాభిప్రాయాలకు మూలం ఇక్కడే ఉంది.

సింఫనీ నిర్మాణం

ఈ సింఫనీ డి మైనర్ శ్రుతిలో ఉన్న నాలుగు భాగాల రచన. తీగ వాద్యాలు, సుషిర వాద్యాలు, ఇత్తడి వాద్యాలతో పాటు టింపనీ, స్నేర్ డ్రమ్, జైలోఫోన్, హార్ప్, పియానో, చెలెస్టా మొదలైనవి ఇందులో ఉపయోగిస్తారు.

1. మొదటి భాగం (మొదెరాతో): తీగ వాద్యాల రెండు వర్గాలు ఒకదాని వెంట ఒకటి పెద్ద అంతరాలతో దూకే స్వరాలతో ఆరంభమవుతుంది. తరువాత వయొలిన్లపై ఒక సుదీర్ఘమైన రాగం సాగుతుంది. మధ్యలో పియానో మంద్రస్థాయి స్వరాలతో ఉద్రిక్తత మొదలై, క్రమంగా సైనిక కవాతుగా మారుతుంది. చివరకు చెలెస్టా స్వరాలతో నిశ్శబ్దంలో ముగుస్తుంది.
2. రెండవ భాగం (అల్లెగ్రెత్తో): మూడు లెక్కల నృత్యగతిలో ఉన్న చిన్న భాగం. వ్యంగ్యం దీని ప్రధాన లక్షణం.
3. మూడవ భాగం (లార్గో): నెమ్మదైన శోకగీతం. ఇత్తడి వాద్యాలకు ఇందులో పాత్ర లేదు. తీగ వాద్యాలను మామూలుకంటే ఎక్కువ వర్గాలుగా విభజించారు.
4. నాల్గవ భాగం (అల్లెగ్రో నాన్ త్రోప్పో): ఇత్తడి వాద్యాలు, టింపనీలతో ఉధృతంగా మొదలవుతుంది. మధ్యలో నెమ్మదించి, తిరిగి పుంజుకొని డి మేజర్ శ్రుతిలో ముగుస్తుంది.

నాల్గవ భాగపు మధ్యలో షొస్తకోవిచ్ తాను పుష్కిన్ కవితకు కట్టిన ఒక గీతం నుండి కొన్ని స్వరాలను వాడుకున్నాడు. గొప్ప చిత్రంపై అనాగరికుడొకడు పూసిన రంగులు కాలక్రమంలో రాలిపోయి, అసలు చిత్రం తిరిగి బయటపడుతుందన్నది ఆ కవిత సారాంశం. ఆ గీతం 1936–37లో రచించినప్పటికీ కొన్నేళ్ళపాటు వెలుగులోకి రాలేదు. కనుక మొదటి ప్రదర్శన నాటి శ్రోతలకు ఈ సంబంధం తెలిసే అవకాశం లేదు.

1959 సోవియట్ పర్యటన

న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అమెరికాలోని ప్రాచీన ఆర్కెస్ట్రాలలో ఒకటి. భారతీయుడైన జుబిన్ మెహతా 1978 నుండి 1991 వరకు దీనికి సంగీత దర్శకుడుగా పనిచేశాడు. బెర్న్‌స్టెయిన్ అదే పదవిని 1958 నుండి 1969 వరకు నిర్వహించాడు.

1959 ఆగస్టు నుండి అక్టోబరు వరకు ఈ ఆర్కెస్ట్రా అమెరికా ప్రభుత్వ సాంస్కృతిక కార్యక్రమంలో భాగంగా యూరప్, పశ్చిమాసియా దేశాలలో పర్యటించింది. సోవియట్ యూనియన్‌లో మాస్కో, లెనిన్‌గ్రాడ్, కీవ్ నగరాలలో కచేరీలు చేసింది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న కాలమది. సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఆ సెప్టెంబరులోనే అమెరికాలో పర్యటించాడు.

సెప్టెంబరు 11న మాస్కో సంగీత కళాశాల మహామందిరంలో జరిగిన చివరి కచేరీలో ఐదవ సింఫనీని వాయించారు. షొస్తకోవిచ్ స్వయంగా ప్రేక్షకులలో కూర్చుని విన్నాడు. ప్రదర్శన తరువాత వేదికపైకి వచ్చి బెర్న్‌స్టెయిన్‌ను అభినందించాడు. అప్పటికే నోబెల్ బహుమతి విషయంలో ప్రభుత్వ ఆగ్రహానికి గురై ఉన్న రచయిత బోరిస్ పాస్తర్నాక్ కూడా ఆ కచేరీకి హాజరయ్యాడు.

ఆర్కెస్ట్రా స్వదేశానికి తిరిగివచ్చిన కొద్ది రోజులకే బోస్టన్ రికార్డింగు జరిగింది. పర్యటనలో పలుమార్లు వాయించిన రచన కావడం వలన వాద్యకారులకు ప్రతి మలుపూ కంఠస్థమై ఉంది. ఈ రికార్డింగులోని సమష్టితత్వానికి, ఆత్మవిశ్వాసానికి ఇది ఒక ముఖ్య కారణం. అంతకుముందు ఇదే ఆర్కెస్ట్రా ఈ సింఫనీని 1952లో దిమిత్రీ మిత్రోపౌలోస్ నిర్దేశకత్వంలోను, 1958లో "స్టేడియం సింఫనీ ఆర్కెస్ట్రా" అనే పేరుతో లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ నిర్దేశకత్వంలోను రికార్డు చేసింది.

భాగాలవారీ పరిశీలన

పాశ్చాత్య సింఫనీలో ప్రతి వాద్యం వాయించవలసిన స్వరాలన్నీ ముందే వ్రాసి ఉంటాయి. కర్ణాటక సంగీతంలో వలె మనోధర్మానికి చోటు లేదు. కండక్టరుకు ఉండే స్వేచ్ఛ ప్రధానంగా మూడు విషయాలలో ఉంటుంది: కాలప్రమాణం, వాద్యాల మధ్య సమతుల్యం, ధ్వని హెచ్చుతగ్గులు. ఒక రికార్డింగును మూల్యాంకనం చేయడమంటే ఈ మూడింటిని ఎలా ఉపయోగించారో పరిశీలించడమే.

మొదటి భాగం పదహారు నిమిషాలకు పైగా సాగుతుంది. ఆరంభంలోని తీగ వాద్యాల స్వరాలను బెర్న్‌స్టెయిన్ పదునుగా, ఒత్తిడితో వాయింపజేశాడు. వయొలిన్ల దీర్ఘరాగంలో తొందర లేదు. పియానో ప్రవేశించినప్పటి నుండి కవాతు వరకు వేగం మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఆర్కెస్ట్రా అంతా ఒకే స్వరపంక్తిని ఏకకంఠంగా పలికే శిఖరఘట్టం ఈ రికార్డింగులోని బలమైన ఘట్టాలలో ఒకటి. ఆ తరువాత ఫ్లూటు, హార్న్ వాద్యాల సంభాషణ పూర్తి ప్రశాంతతతో వినిపిస్తుంది. ఈ వ్యత్యాసాన్ని నిలబెట్టడంలో బెర్న్‌స్టెయిన్ సమర్థత స్పష్టమవుతుంది.

రెండవ భాగం సుమారు అయిదు నిమిషాలు. చెల్లోలు, డబుల్ బాసుల మొరటుతనం, ఒంటరి వయొలిన్ వయ్యారం, ఇత్తడి వాద్యాల ఆడంబరం విడివిడిగా తెలుస్తాయి. ఇందులో హాస్యం పాలు ఎక్కువ, కాఠిన్యం తక్కువ. మ్రావిన్‌స్కీ ప్రదర్శనలకు అలవాటుపడినవారికి ఈ భాగం కొంత తేలికగా అనిపించవచ్చు.

మూడవ భాగాన్ని ఈ రికార్డింగుకు ప్రాణంగా చెప్పవచ్చు. దీని నిడివి దాదాపు పదిహేనున్నర నిమిషాలు. మ్రావిన్‌స్కీ దీనిని ఇంతకంటే తక్కువ సమయంలో పూర్తిచేస్తాడు. బెర్న్‌స్టెయిన్ ఎంచుకున్న విలంబ కాలంలో రాగం తెగిపోయే ప్రమాదం ఉంది. తీగ వాద్యకారులు దీర్ఘస్వరాలను సడలనీయకుండా నిలపడం వలన అలా జరగలేదు. ఓబో, క్లారినెట్, ఫ్లూటు ఒకదాని తరువాత ఒకటి ఒంటరిగా వినిపించే చోట ధ్వని వినీ వినబడనంత సన్నగా ఉంటుంది. అందువలన తరువాత చెల్లోలు తారస్థాయిలో పలికే ఆవేదనకు, జైలోఫోన్ దెబ్బలకు మరింత తీవ్రత కలుగుతుంది.

నాల్గవ భాగం సుమారు తొమ్మిది నిమిషాలు. దీని శీర్షికకు "మరీ ఎక్కువ కాని వేగంతో" అని అర్థం. బెర్న్‌స్టెయిన్ మాత్రం మొదటి నుండి వేగంగా సాగి, త్వరలోనే మరింత వేగాన్ని అందుకుంటాడు. వాద్యకారుల నైపుణ్యం వలన ఆ వేగంలో కూడా స్వరాలు చెదరవు. అయితే వేగం ముందుగానే హెచ్చుస్థాయికి చేరడం వలన, క్రమంగా పెంచుకుంటూ పోవడానికి స్వరకర్త కల్పించిన అవకాశం కొంత తగ్గిపోయింది. ఈ రికార్డింగుపై చేయదగిన విమర్శలలో ఇది సమంజసమైనది. మధ్యలోని నెమ్మది ఘట్టం తరువాత ముగింపు మళ్ళీ వేగంగా వస్తుంది.

ముగింపు వేగంపై వివాదం

ముగింపులో ఇత్తడి వాద్యాలు డి మేజర్ శ్రుతిలో ఘోషిస్తుండగా, తీగ వాద్యాలు, సుషిర వాద్యాలు "ఎ" అనే ఒకే స్వరాన్ని ఎడతెగకుండా వాయిస్తూ ఉంటాయి. టింపనీ, బాస్ డ్రమ్ దెబ్బలతో రచన పూర్తవుతుంది. ఒకే స్వరం అన్నిసార్లు మారుమ్రోగడం వేగంగా వింటే ఉత్సాహంగా ఉంటుంది, నెమ్మదిగా వింటే తలపై సుత్తితో కొట్టినట్లు ఉంటుంది.

స్వరలిపి ముద్రణలు కూడా ఈ విషయంలో ఏకీభవించవు. 1939 నాటి ముద్రణలో ఈ ఘట్టానికి నిమిషానికి 188 క్వార్టర్ నోట్ల వేగం కనిపిస్తుంది. తరువాతి ముద్రణలలో నిమిషానికి 184 ఎయిత్ నోట్లు అని ఉంది. ఎయిత్ నోటు కాలం క్వార్టర్ నోటులో సగం. కనుక రెండవ లెక్క ప్రకారం వేగం నిమిషానికి 92 క్వార్టర్ నోట్లు మాత్రమే, అంటే మొదటిదానిలో దాదాపు సగం. మొదటి అంకె అచ్చుతప్పు అని పలువురు భావిస్తారు. బెర్న్‌స్టెయిన్ ఎంచుకున్న వేగం మొదటి అంకె వైపు మొగ్గుతుంది.

1979లో సొలొమోన్ వోల్కోవ్ "టెస్టిమొనీ" అనే గ్రంథాన్ని షొస్తకోవిచ్ జ్ఞాపకాలుగా అమెరికాలో ప్రచురించాడు. ఐదవ సింఫనీ ముగింపులోని సంతోషం బెదిరింపు వలన పుట్టినదని, దానిని విజయగీతంగా వినడం పొరపాటని ఆ గ్రంథం చెబుతుంది. ఈ గ్రంథం వెలువడిన తరువాత నెమ్మదైన ముగింపుకు పలుకుబడి పెరిగింది, బెర్న్‌స్టెయిన్ వేగాన్ని అమాయకత్వంగా భావించేవారు కూడా ఎక్కువయ్యారు. అయితే 1980లో అమెరికన్ పరిశోధకురాలు లారెల్ ఫే ఈ గ్రంథపు ప్రామాణికతను ప్రశ్నించింది. అందులోని కొన్ని భాగాలు స్వరకర్త అంతకుముందే పత్రికలలో ప్రచురించిన వ్యాసాలతో సరిపోలుతున్నాయని చూపించింది. ఆ వివాదంపై నేటికీ ఏకాభిప్రాయం లేదు.

బెర్న్‌స్టెయిన్ ముగింపును సాధారణం కంటే వేగంగా నడిపించడం తనకు నచ్చిందని షొస్తకోవిచ్ చెప్పినట్లు నమోదై ఉంది. దీని ఆధారంగా వేగమైన ముగింపే సరైనదని నిర్ణయించడం కష్టం. నెమ్మదైన ముగింపును ఎంచుకున్న మ్రావిన్‌స్కీతో కూడా స్వరకర్త అనేక సంవత్సరాలు కలిసి పనిచేశాడు. పైగా సోవియట్ వ్యవస్థలో జీవిస్తూ, విదేశీ అతిథి గురించి ఆయన బహిరంగంగా అనగలిగిన మాటలకు పరిమితులు ఉండేవి. కనుక స్వరకర్త రెండు విధానాలనూ సహించాడని మాత్రమే నిశ్చయంగా చెప్పగలం.

మూల్యాంకనంలో గుర్తించవలసిన మరొక విషయం కాలక్రమం. బెర్న్‌స్టెయిన్ రికార్డింగు "టెస్టిమొనీ" కంటే ఇరవై సంవత్సరాలు ముందుది. ఆ తరువాత వెలువడిన సమాచారాన్ని ఆధారం చేసుకుని దీనిని తప్పుగా తేల్చడం న్యాయం కాదు. అదే విధంగా, ఆ సమాచారం తెలిసిన నేటి శ్రోత దానిని మరచిపోయి వినడం కూడా సాధ్యం కాదు. నిజానికి మూడవ భాగంలో ఇంతటి దుఃఖాన్ని పలికించిన ప్రదర్శనను అమాయకమైనదని అనడం కష్టం. అంత దుఃఖం తరువాత వచ్చే ఈ అతివేగపు ఉల్లాసాన్ని కొందరు శ్రోతలు నిజమైన విజయంగా వింటారు, మరికొందరికి అది ఊపిరి తిరగనీయని ఉన్మాదంగా తోస్తుంది. వేగం పెంచినంత మాత్రాన సందిగ్ధత తొలగిపోదని ఈ రికార్డింగు నిరూపిస్తుంది.

ఇతర రికార్డింగులతో పోలిక

* యెవ్గేనీ మ్రావిన్‌స్కీ, లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్: మొదటి ప్రదర్శన చేసిన కండక్టరు కావడం వలన ఇతని రికార్డింగులకు చారిత్రక ప్రాధాన్యత ఉంది. 1930ల నుండి 1984 వరకు చేసిన అనేక రికార్డింగులు లభిస్తున్నాయి. భావావేశాన్ని అదుపులో ఉంచి, కాఠిన్యంతో నడిపించడం ఇతని పద్ధతి.
* ఆంద్రే ప్రెవిన్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా (1965): సమతుల్యమైన ప్రదర్శన. బెర్న్‌స్టెయిన్ నాటకీయత అతిగా తోచినవారు దీనిని ఇష్టపడతారు.
* బెర్నార్డ్ హైటింక్, ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రా (1981): స్వరలిపిని ఆడంబరం లేకుండా అనుసరించే ప్రదర్శన. ధ్వని స్పష్టత ఎక్కువ.
* మ్స్తిస్లావ్ రొస్త్రొపోవిచ్, వాషింగ్టన్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా (1982): స్వరకర్తకు సన్నిహితుడైన కండక్టరు. ముగింపును చాలా నెమ్మదిగా, భారంగా నడిపించాడు. బెర్న్‌స్టెయిన్ ముగింపుతో పోల్చడానికి ఇది తగినది.
* బెర్న్‌స్టెయిన్, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ (1979): టోక్యోలో జరిగిన కచేరీల రికార్డింగు. అన్ని భాగాలు 1959 కంటే కొంత నెమ్మదిగా సాగుతాయి. ధ్వని మెరుగైనది. అయినా ముగింపు విషయంలో బెర్న్‌స్టెయిన్ తన మూల అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

ధ్వని నాణ్యత

స్టీరియో ఎల్.పి. రికార్డులు మార్కెట్లోకి వచ్చిన కొత్తలో చేసిన రికార్డింగు ఇది. బోస్టన్ సింఫనీ హాలు ధ్వని గుణానికి ప్రపంచ ప్రసిద్ధి పొందిన మందిరం. దాని సహజమైన ప్రతిధ్వని వలన తీగ వాద్యాలకు నిండుదనం వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా రికార్డింగు వినసొంపుగానే ఉంటుంది. అయితే బిగ్గరగా వాయించే ఘట్టాలలో ఇత్తడి వాద్యాలు కొంత కరకుగా వినిపిస్తాయి. అత్యంత సన్నని ఘట్టాలలో టేపు సవ్వడి వినిపించవచ్చు. 1980ల నాటి డిజిటల్ రికార్డింగులతో పోల్చినపుడు ఈ లోపాలు తెలుస్తాయి.

పునర్విడుదలలు

కొలంబియా సంస్థ రికార్డుల విభాగాన్ని 1988లో జపాన్‌కు చెందిన సోనీ సంస్థ కొనుగోలు చేసింది. ఆ తరువాత ఈ రికార్డింగు సోనీ క్లాసికల్ పేరుతో సి.డి. రూపంలో పలుమార్లు విడుదలైంది. బెర్న్‌స్టెయిన్ రికార్డింగుల సంపుటాలలో కూడా చేరింది. కొనేవారు లేదా వినేవారు 1959, 1979 రికార్డింగుల మధ్య తేడాను గమనించవలసి ఉంటుంది. కండక్టరు, ఆర్కెస్ట్రా, రచన రెండింటిలోనూ ఒకటే కావడం వలన ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశం ఉంది. నాల్గవ భాగం నిడివి 1959 నాటి దానిలో సుమారు తొమ్మిది నిమిషాలు, 1979 నాటి దానిలో పది నిమిషాలకు పైన ఉంటుంది.